నూటికి మూడు రూపాయల పాఠం: విప్లవ సిద్ధాంతాలు మన బడిలోకి ఎలా వచ్చాయి

డీఎస్సీకి తయారయ్యేవాళ్ల బిట్ బ్యాంకుల్లో ఒక బిట్ తరచూ కనిపిస్తుంది. 'బ్యాంకింగ్ విద్య అనే భావనను విమర్శించినది ఎవరు?' కింద నాలుగు పేర్లు: రూసో, జాన్ డ్యూయీ, పావ్‌లో ఫ్రేరే, ఇవాన్ ఇలిచ్. 2014 డీఎస్సీకి చదువుతున్నప్పుడు అనంతపురంలో ఒక రేకుల షెడ్డులో రెండు వందల మందితో కలిసి నేనూ ఈ బిట్ బట్టీ పట్టాను. సార్ మైకులో 'బ్యాంకింగ్ అంటే?' అనేవారు, మేమంతా 'ఫ్రేరే' అని అరిచేవాళ్లం. 'బడి లేని సమాజం అంటే?' 'ఇలిచ్.' పరీక్షలో సరైన జవాబే పెట్టాను. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఉద్యోగంలో చేరి, ఎండాకాలం సెలవుల్లో బ్రెజిల్ విద్యావేత్త ఫ్రేరే రాసిన పుస్తకం తెప్పించుకుని చదివేదాకా నాకు తెలియలేదు.

అర్థం తెలిశాక చాలా రోజులు మనసు కుదుట పడలేదు. టీచర్ తన దగ్గరున్న సమాచారాన్ని పిల్లల బుర్రల్లో డిపాజిట్ చేస్తాడు, పిల్లలు దాన్ని దాచుకుని పరీక్ష రోజున తీసి ఇస్తారు, ఈ లావాదేవీలో పిల్లల బతుకుకు, వాళ్ల ఆలోచనకు చోటు ఉండదు. ఫ్రేరే బ్యాంకింగ్ విద్య అన్నది దీన్నే. ఆయన తప్పు పట్టిన పద్ధతిలోనే మేం ఆయన పేరు నేర్చుకున్నాం.

చదువు మీద విప్లవ రాజకీయ సిద్ధాంతాల ప్రభావం అనగానే ఇప్పుడు రెండు రకాల మాటలు వినబడతాయి. ఎర్రజెండావాళ్లు పాఠ్యపుస్తకాల్లోకి దూరి పిల్లల్ని పాడుచేస్తున్నారన్నది ఒకటి. బడి అంటేనే పాలకులు పన్నిన వల, అక్కడ నేర్చుకునేదేమీ లేదన్నది ఇంకొకటి. రెండింటిలోనూ ఆవేశం ఉంది కానీ వివరం లేదు. అసలు ఆ సిద్ధాంతం ఒకటి కాదు. కనీసం మూడు దారులున్నాయి, అవి ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదటి దారి బడిని పోత పోసే అచ్చుతో పోలుస్తుంది. ఫ్రెంచ్ మార్క్సిస్టు లూయీ ఆల్తుసేర్ 1970లో ఒక వ్యాసం రాశాడు. పోలీసులు, జైళ్లు బలంతో మనల్ని అదుపులో పెడతాయి, ఒకప్పుడు చర్చి, ఇప్పుడు బడి మన ఆలోచనల్ని అదుపులో పెడతాయి అన్నది ఆయన వాదం. 1976లో శామ్యూల్ బౌల్స్, హెర్బర్ట్ గింటిస్ అనే అమెరికా ఆర్థికవేత్తలు దీన్ని ఇంకాస్త కిందికి దించి చెప్పారు. బడిలో గంట, వరుస, ర్యాంకు, పై అధికారి మాట వినడం ఇవన్నీ ఫ్యాక్టరీకి నకలు అన్నారు. రేపు ఏ పని చేయబోతున్నారో ఆ పనికి తగిన అలవాట్లనే బడి ఇవాళ నేర్పుతోందని వాళ్ల లెక్క. మన ఇంటర్ హాస్టళ్లలో ర్యాంకు ప్రకారం సెక్షన్లు విడదీసి, తెల్లవారకముందే స్టడీ అవర్‌కు లేపి కూర్చోబెట్టే ఏర్పాటు చూసినవాళ్లకు ఈ వాదం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

ఈ దారిలో నన్ను ఎక్కువగా కుదిపినవాడు ఫ్రెంచ్ సామాజికవేత్త పియర్ బోర్దియూ. ఆయన చెప్పేది డబ్బు గురించి మాత్రమే కాదు. ఇంట్లో మాట్లాడే భాష, కూర్చునే తీరు, పుస్తకాలతో పరిచయం ఇవి కూడా ఆస్తే అంటాడు. బడి ఆ ఆస్తి ఉన్న పిల్లవాణ్ణి చూసి 'తెలివైనవాడు' అంటుంది, లేని పిల్లవాణ్ణి 'వెనకబడ్డవాడు' అంటుంది. వారసత్వంగా వచ్చినదానికి ప్రతిభ అని పేరు పెడుతుంది.

దీనికి రుజువు వెతుక్కుంటూ నేను పారిస్ దాకా పోనక్కర్లేదు. మా వైపు వేరుశనగను శెనక్కాయలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. నేను కొత్తగా చేరిన ఏడాది ఏడో తరగతి పాప ఒకటి జవాబు పత్రంలో 'మా సేన్లో శెనక్కాయ ఏసినాము, వాన రాక ఎండిపాయ' అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో 'శెనక్కాయ' కింద గీత గీసి పైన 'వేరుశనగ' అని రాశాను, 'సేన్లో' కొట్టేసి 'పొలంలో' అని దిద్దాను. వాక్యం నిజమా కాదా అన్నది ఆ దిద్దుబాటులో లేనే లేదు. మరుసటి పరీక్షలో అదే పాప పాఠంలో ఉన్న మూడు వాక్యాలు చూసి రాసినట్టు రాసి ఆపేసింది. తన సేను గురించి మళ్లీ ఒక్క మాట రాయలేదు. బోర్దియూను చదువుతున్నప్పుడు నాకు ఆ కాగితమే కళ్ల ముందు కనబడింది.

రెండో దారి ఇలిచ్‌ది. 1971లో వచ్చిన పుస్తకంలో ఆయన బడి అనే వ్యవస్థనే ఎత్తేయమన్నాడు. నేర్చుకోవడం వేరు, సర్టిఫికెట్ వేరు, బడి రెండింటినీ కలిపేసి మనుషుల్ని మోసం చేస్తోందన్నాడు. సర్టిఫికెట్ల విషయంలో ఆయన మాట కాదనలేం. కానీ బడి మూసేస్తే మా ఊరి పిల్లలు స్వేచ్ఛగా నేర్చుకోరు, ఆడపిల్లలకు పెళ్లి చేస్తారు, మగపిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ఈ దారిలో నేను ఇంతకన్నా ముందుకు పోలేను.

మూడో దారి ఫ్రేరేది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో, కరువులకు పేరుపడ్డ నేలలో, 1921లో పుట్టాడు. 1963లో ఆంజికోస్ అనే చిన్న ఊళ్లో 300 మంది కూలీలకు నలభై గంటల తరగతుల్లో చదవడం రాయడం నేర్పాడు. ముగింపు తరగతికి దేశాధ్యక్షుడే వచ్చాడు. ఆ పద్ధతి తెలుగువాళ్లకు సులభంగా తెలుస్తుంది, ఎందుకంటే అది ఒక రకంగా గుణింతం. ముందు ఆ ఊరి మనుషుల మధ్య తిరిగి వాళ్లు రోజూ పలికే, వాళ్ల బతుకును మోసే మాటలు ఏరుకుంటారు. ఇటుక అనే అర్థమున్న 'తిజోలో' అలాంటి మాట. ఇటుక బొమ్మ చూపించి ముందు మాట్లాడిస్తారు. ఈ ఇటుకలు ఎవరు చేస్తారు, ఎవరి ఇల్లు కడతారు, చేసేవాడి ఇల్లు దేంతో కట్టుంది? ఆ తర్వాత ఆ మాటను త, జ, ల ముక్కలుగా విడగొట్టి త తె తి తొ తు అని వరుస పేర్చి, ఆ ముక్కలతో కొత్త మాటలు కట్టమంటారు. మన పెద్ద బాలశిక్ష అక్షరం నుంచి మొదలై మాట దగ్గరికి వస్తుంది. ఆయన బతుకు నుంచి మొదలై మాట మీదుగా అక్షరానికి వచ్చాడు.

ఇందులో విప్లవం ఏముంది అనిపించవచ్చు. బ్రెజిల్‌లో 1985 దాకా చదవడం రానివాళ్లకు ఓటు లేదు. అక్షరం నేర్పడమంటే ఓటు ఇవ్వడమే. 1964లో సైన్యం అధికారం పట్టుకోగానే ఫ్రేరేను జైల్లో పెట్టారు, తర్వాత ఆయన దేశం వదిలాడు. 'పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్' (అణచబడ్డవాళ్ల చదువు) అన్న పుస్తకం 1968లో చిలీలో ప్రవాసంలో ఉన్నప్పుడు రాసింది. అదే బ్రెజిల్ 2012లో ఆయన్ను జాతీయ విద్యకు మార్గదర్శకుడిగా చట్టం చేసి ప్రకటించింది. 2018 అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన బోల్సొనారో ఆయన ప్రభావాన్ని బడుల్లోంచి ఊడ్చేస్తానన్నాడు. అక్షరాలు నేర్పిన మనిషి మీద ఇంత గొడవ జరిగిందంటే, ఆ అక్షరాల వెంట ఇంకేదో వెళ్లిందన్న మాట.

ఇదంతా విదేశీ సరుకు అనుకునేవాళ్లకు ఒక తేదీ గుర్తుచేయాలి. మార్క్స్, ఎంగెల్స్ కమ్యూనిస్టు ప్రణాళిక అచ్చయింది 1848లో. జోతీరావు ఫులే, సావిత్రీబాయి పుణెలో ఆడపిల్లల బడి తెరిచిందీ 1848లోనే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం చదువుల మీద వేసిన హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ఫులే చెప్పిన మాట సూటిగా ఉంటుంది. ఖజానాకు డబ్బు వచ్చేది రైతు చెమట నుంచి, ఖర్చయ్యేది పై కులాల పెద్ద చదువుల మీద. అందుకని పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చేయమని అడిగాడు. ఎవరి డబ్బుతో ఎవరి చదువు అన్న ప్రశ్నను ఆయన బోర్దియూ కన్నా ఎనభై తొంభై ఏళ్ల ముందే వేశాడు.

మన నేల మీద ఈ సిద్ధాంతం నిజంగా పనిచేసిన సందర్భం సారా వ్యతిరేక ఉద్యమం. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. 1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. ఆ వాచకాల్లో 'అమ్మ, ఆవు' మాత్రమే లేవు. తాగుడు పాలైన భర్తతో వేగే సీతమ్మ కథ ఉంది. దాని చుట్టూ ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో వాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ సంగతే తర్వాత 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమైంది, ఆ పాఠం చదివిన ఊళ్లు మళ్లీ కదిలాయి. 1992 నాటికి ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, మా రాయలసీమ జిల్లాలకూ వచ్చింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని ఎత్తేశారు. అయినా ఒక వాచకంలోని పాఠం ఊరి మీద, ఊరి కథ మళ్లీ వాచకం మీద పనిచేయడం మన అమ్మలు చూశారు. రాత్రిపూట నడిచిన ఆ బడుల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి ఫ్రేరే పేరు తెలిసి ఉంటుంది? తెలియాల్సిన అవసరమే లేకపోయింది.

మామూలు బడిలోకి ఈ ఆలోచన నిబంధనల రూపంలో వచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలో విమర్శనాత్మక బోధన గురించి విడిగా ఒక భాగమే ఉంది. దాని వెనుకే మన రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళికా చట్రం, ఆ తర్వాత కొత్త పుస్తకాలు వచ్చాయి. మా సాంఘిక శాస్త్రంలో విద్యా ప్రమాణాలు ఆరు పెట్టారు. విషయావగాహన, పట నైపుణ్యాల పక్కనే 'సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం' అన్నది కూడా ఒక ప్రమాణం. ప్రశ్నించడానికి ప్రభుత్వమే మార్కులు కేటాయించిందంటే చిన్న విషయం కాదు. ఆ పుస్తకాలు తయారుచేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

మార్కులు పెట్టగానే మార్కెట్‌లోకి గైడ్లు వచ్చాయి. ఒకసారి పరీక్షలో 'మీ ఊరిలో నీటి ఎద్దడికి కారణాలేమిటి? మీ అభిప్రాయం రాయండి' అని అడిగాం. మా మండలంలో వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బోర్లు ఉన్నాయి. పిల్లలు బిందెలు మోసి బడికొస్తారు. నలభై కాగితాలు దిద్దితే ముప్పైకి పైగా కాగితాల్లో ఒకే వాక్యం: 'మా ఊరి కాలువలోని నీరు ఫ్యాక్టరీల వ్యర్థాల వల్ల కలుషితమైనది.' మా ఊళ్లో కాలువ లేదు, ఫ్యాక్టరీ లేదు. ఎక్కడో కాలువ గట్టున ఉన్న ఊరి కోసం ఎవరో రాసిన అభిప్రాయాన్ని మా పిల్లలు తమ అభిప్రాయంగా అప్పజెప్పారు. పిల్లల్ని అనడానికి ఏమీ లేదు. సొంతంగా రాస్తే మార్కులు పోతాయని వాళ్లకు మేమే నేర్పాం, ఆ శెనక్కాయ కింద గీసిన గీతతో నేనే నేర్పాను.

ఇక్కడ తెలుగులో ఇంకో చిక్కు ఉంది. విమర్శనాత్మక ఆలోచన, విమర్శనాత్మక బోధన అని రెండు మాటలు వాడుతున్నాం. ముందున్న మాట ఒకటే కావడంతో రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది తర్కం. చెప్పిన దానికి ఆధారం ఉందా, లెక్క సరిపోయిందా అని చూడటం. దానితో ఎవరికీ పేచీ లేదు, 2020 జాతీయ విద్యా విధానం కూడా దాన్ని గట్టిగానే కోరుతుంది. రెండోది ఒక అడుగు ముందుకు వేసి, ఇది ఇలా ఉండటం వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడుగుతుంది. గొడవంతా ఈ రెండో ప్రశ్న దగ్గరే. ఈ తేడా తెలియక ఒకరు మొదటిదాన్ని కూడా అనుమానిస్తారు, ఇంకొకరు మొదటిది నేర్పేసి రెండోది కూడా చేసేశామనుకుంటారు.

నా తరగతిలో ఆ రెండో ప్రశ్న ఎలా వచ్చిందో చెబుతాను. తొమ్మిదో తరగతికి అప్పు, వడ్డీల పాఠం చెబుతున్నాను. పంట రుణానికి బ్యాంకు వడ్డీ ఏడు శాతం, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ పోను నాలుగే పడుతుందని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, 'మా ఊర్లో అంతకన్నా తక్కువే సార్. మా నాయన నూటికి మూడు రూపాయల లెక్కన తెచ్చినాడు' అన్నాడు. మిగతావాళ్లూ తలూపారు. మూడు కన్నా ఏడు ఎక్కువే కదా.

పాఠం పక్కన పెట్టాను. నూటికి మూడు అంటే ఎన్నాళ్లకు అని అడిగాను. నెలకు అన్నారు. ఏడు శాతం ఎన్నాళ్లకు? పుస్తకం చూసి, సంవత్సరానికి అన్నారు. బోర్డును రెండుగా గీసి రెండు వైపులా యాభై వేలు రాశాం. బ్యాంకు వైపు ఏడాదికి మూడు వేల ఐదు వందలు వచ్చింది. రెండో వైపు నెలకు పదిహేను వందలు, పన్నెండు నెలలకు పద్దెనిమిది వేలు. ముప్పై ఆరు శాతం. తరగతి కాసేపు మాట్లాడలేదు. ఆ పిల్లవాడు బోర్డు వంకే చూస్తూ నిలబడ్డాడు, కూర్చోమని చెప్పడం కూడా మరిచిపోయాను.

అప్పుడు ముందు వరసలోని అమ్మాయి, 'మరి మా నాయనోళ్లు బ్యాంకుకు ఎందుకు పోరు సార్?' అంది. జవాబు నేను చెప్పలేదు. పక్కనున్న పాపే చెప్పింది: 'సేను గుత్తకు పట్టినాం కదా, పాస్‌బుక్కు మాది కాదు, ఎవరిస్తారు?' అక్కడి నుంచి కౌలు రైతు గురించి మాట్లాడుకున్నాం. కౌలు రైతుకు బ్యాంకు అప్పుకు పనికొచ్చే సాగు హక్కు కార్డు ఇవ్వడానికి రాష్ట్రంలో 2019లో చట్టం వచ్చిందనీ, ఆ చట్టం ప్రకారం భూమి గలవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు అనీ చెప్పాను. వాళ్లెందుకు పెట్టరు అని ఒకరు, మనమే సేను గలవాళ్లమైతే పెడతామా అని ఇంకొకరు. ఆ రెండో ప్రశ్న వేసినవాడి ఇంట్లో నిజంగానే పదెకరాలు గుత్తకు ఇస్తారు. వాడి మాట కూడా విన్నాం. భూమి చేజారిపోతుందని వాళ్ల జేజికి భయమట.

ఇది రాజకీయమా? అవును. నేను ఏ పార్టీ పేరూ ఎత్తలేదు, ఏ జెండా రంగూ చెప్పలేదు, కానీ పొలం ఎవరిది, అప్పు ఎవరిది అన్నది రాజకీయమే. ఆ రోజు బోర్డు మీద ఏడు శాతం మాత్రమే రాసి పాఠం ముగించి ఉంటే అది రాజకీయం కాకుండా పోయేదా? ఆ పిల్లవాడు మూడు కన్నా ఏడు ఎక్కువనుకుంటూనే ఇంటికి పోయేవాడు. దానివల్ల ఎవరికి మేలు?

అలాగని, టీచర్లు తమ పార్టీని పిల్లలకు ఎక్కిస్తారన్న తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయలేను. ఇది ఎర్రజెండా జిల్లా. 1952లో అనంతపురం నుంచి నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించిన చోటు. సంజీవరెడ్డి స్వయానా ఆయన బావ. ఇక్కడ ఉపాధ్యాయ సంఘాలకు, విద్యార్థి సంఘాలకు రాజకీయాలు ఎప్పుడూ దూరం కాదు. తరగతి గదిని మీటింగులా మార్చే టీచర్లను అన్ని రంగుల్లోనూ నేను చూశాను. వాళ్లు చదవాల్సింది ఫ్రేరేనే. నాయకులు జనం తలల్లోకి నినాదాలు నింపడమూ బ్యాంకింగే అని ఆయన ఆ పుస్తకంలోనే రాశాడు, అది విముక్తి పేరుతో జరిగినా సరే. పాఠం అయ్యేసరికి నలభై మంది నా అభిప్రాయానికే వచ్చారంటే నేను భయపడాలి. ఆ రోజు జేజి భయం గురించి చెప్పిన పిల్లవాడు నోరు మూసుకుని ఉంటే, పాఠం ఓడిపోయినట్టే లెక్క.

ఇంకో విమర్శ ఉంది, అది నాకు దీనికన్నా బరువుగా అనిపిస్తుంది. చర్చలు, ప్రాజెక్టులు, స్వేచ్ఛ అంటూ ఉంటే పేద పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రాకుండా పోతాయన్నది. ఈ మాట అన్నవాళ్లలో మొదట చెప్పుకోవాల్సినవాడు అంతోనియో గ్రాంషీ. ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు, సార్డీనియా దీవిలో పేద ఇంట్లో పెరిగినవాడు, 1926లో ముస్సోలినీ ప్రభుత్వం జైల్లో పెట్టింది. 1923లో ఇటలీలో వచ్చిన విద్యా సంస్కరణల మీద జైల్లో నోటు పుస్తకాల్లో ఆయన రాసుకున్నది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చదువు ఒక పని, కష్టమైన పని, ఒళ్లు వంచి కూర్చోవడం కూడా అలవాటు చేసుకోవాల్సిందే అంటాడు. పుస్తకాల ఇంట్లో పుట్టినవాడికి ఆ అలవాటు ఇంట్లోనే వస్తుంది, కూలివాడి బిడ్డకు బడే ఇవ్వాలి. ఆ పిల్లల మీద జాలితో చదువును తేలిక చేస్తే వాళ్లకే అన్యాయం చేసినట్టు. అమెరికాలో నల్లజాతి ఉపాధ్యాయురాలు లీసా డెల్పిట్ 1988లో ఇదే బాధను ఇంకో రకంగా చెప్పింది. పెద్దల లోకంలో చెల్లే భాష, వ్యాకరణం, నియమాలు ఆ లోకం బయట పుట్టిన పిల్లలకు విప్పి చెప్పాలి, వాళ్లే కనుక్కుంటారులే అని వదిలేయకూడదు అంది.

వీళ్లను చదివాక నా ఎర్ర పెన్ను గురించి మళ్లీ ఆలోచించాను. 'శెనక్కాయ'ను ఉండనివ్వాలి. దాని పక్కన 'వేరుశనగ' కూడా ఆ పాపకు రావాలి, ఎందుకంటే రేపు పంట బీమా కాగితంలో ఆ మాటే ఉంటుంది. ఒకటి ఇచ్చి ఒకటి లాక్కునే హక్కు నాకు లేదు.

వడ్డీ చర్చ జరిగిన మరుసటి రోజు అదే తరగతికి ఒక లెక్క ఇచ్చాను. ఇరవై ఐదు వేల అప్పు, నూటికి రెండున్నర, ఎనిమిది నెలలు. ఐదు వేలు రావాలి. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మందికి వచ్చింది. ముందు రోజు గట్టిగా మాట్లాడినవాళ్లలో చాలామంది రెండున్నర దగ్గరే ఆగిపోయారు. ముప్పై ఆరు శాతం అన్యాయం అని అందరికీ తెలిసింది, దాన్ని లెక్క కట్టడం పదకొండు మందికే వచ్చు. ఆ వారమంతా నా పీరియడ్‌లో మొదటి పదిహేను నిమిషాలు దశాంశాలే చేయించాను. లెక్కల సార్ కూడా ఒక చేయి వేశారు. పిల్లలు విసుక్కున్నారు, చేశారు.

నెల తర్వాత వెనక బెంచీ పిల్లవాడు మధ్యాహ్న భోజనం అయ్యాక స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చాడు. చేతిలో వాళ్ల నాయన రాసిచ్చిన ప్రోనోటు జిరాక్స్, దాని వెనక పెన్సిల్‌తో వేసిన లెక్క. తేదీ సరిగ్గా చూడక ఒక నెల ఎక్కువ కట్టాడు. నేను తేదీ మీద వేలు పెట్టాను. గడప మీదే కూర్చుని, చెరిపి, మళ్లీ వేశాడు.